కత్తెర కోసిన గుత్తి, మిషను దులిపిన పండు

ఏమర్రా, అక్కడే నిలబడ్డారేం? అరుగు మీద బోలెడు చోటుంది, జరిగి కూర్చోండి. మీ అమ్మమ్మ ద్రాక్షపళ్ళు కడిగి పళ్ళెంలో పెట్టింది. తినేముందు ఒక్క నిమిషం ఆగండి. బుజ్జీ, నువ్వొక పండు పట్టుకుని లాగు. గబుక్కున కాదమ్మా, మెల్లిగా. ఊడొచ్చిందా? ఇప్పుడు పండు వంక కాదు, గుత్తి వంక చూడు. పండు ఊడిన చోట, తొడిమ చివర, తడితడిగా చిన్న కుచ్చు కనిపిస్తోందా? పళ్ళు తోముకునే బ్రష్షు పోచల్లా ఉందే, అదే. పండుకి నీళ్ళూ తీపీ మోసుకొచ్చిన సన్నటి గొట్టాలవి. పిందెగా ఉన్నప్పటి నుంచీ ఆ పండు తాగిందంతా వాటిగుండానే తాగింది. ఇప్పుడు పండు తిప్పి చూడు. తొడిమ ఉన్న చోట చిన్న గుంట, గుంటలో రసం చెమ్మ.

ఇదిగో కత్తెర. ఇంకో పండుని తొడిమతో సహా కత్తిరించు. దీనికి ఎక్కడైనా గాయముందా? లేదు. మూత బిగించిన సీసాలా నిక్షేపంగా ఉంది. ఇందాకటిది మూత ఊడిన సీసా. ఇవాళ నేను చెప్పే కథంతా ఈ మూత గురించే.

వైన్ చెయ్యడానికి పండించే ద్రాక్షని చేత్తో కొయ్యాలా, మిషనుతో రాల్చాలా అన్నది ఆ తోటలున్న దేశాల్లో యాభై అరవై ఏళ్ళుగా తెగని మాట. తాగే సంగతి పెద్దవాళ్ళది, దాని జోలికి మనం పోవద్దు. మనకి కావలసింది పండు సంగతి. పండుని అడిగితే ఈ తగువులో ఏ పక్షం ఎక్కడ ఒప్పో చక్కగా చెబుతుంది.

చేత్తో కొయ్యడం ఈనాటిది కాదు. ఈజిప్టులో లగ్జర్ ఊరి దగ్గర నఖ్త్ అనే ఆయన సమాధి ఉంది. ఆయన గుడిలో లేఖకుడు, చుక్కల్ని చూసి ఘడియలు లెక్క కట్టేవాడు. చనిపోయి సుమారు 3,400 ఏళ్ళయింది. ఆ సమాధి గోడ మీది బొమ్మల్లో వంపు తిరిగిన పందిరి కింద ఇద్దరు నిలబడి నల్లటి గుత్తులు కోస్తుంటారు. పక్కనే తొట్టిలో కొందరు పైనుంచి వేలాడే తాళ్ళు పట్టుకుని పళ్ళు తొక్కుతుంటారు. జారిపడకుండా ఆ తాళ్ళు. మన అమ్మమ్మలు రోకలి పోటు వేసేటప్పుడు కొంగు బిగించినట్టు, ఆ పనికీ ఓ ఒడుపుందన్నమాట.

పందిరంటే గుర్తొచ్చింది. మన హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలు విరివిగా ఉండేవి. ఆ పేరుకి రాజుల ద్రాక్ష అని అర్థం. రాతి స్తంభాలు పాతి, పైన తీగలు అల్లి, మనిషికన్నా ఎత్తుగా పందిరి వేసేవారు. నా చదువు రోజుల్లో ఒకసారి ఎండాకాలం మొదట్లో అలాంటి తోటలోకి వెళ్ళాను. బయట ఎండ చురచురలాడుతోంది, పందిరి కింద మాత్రం గుళ్ళో ఉన్నంత చల్లగా ఉంది. నెత్తి మీద గుత్తులు దీపాల్లా వేలాడుతున్నాయి. కోసే ఆడవాళ్ళు గుత్తిని కాడ దగ్గరే పట్టుకుంటున్నారు, పండుకి వేలు తగలనివ్వడం లేదు. ఎందుకమ్మా అంత జాగ్రత్త అని అడిగితే ఒకావిడ, "పొడి పోద్ది బాబూ" అంది. పండు మీద తెల్లగా పొగ అంటినట్టు ఓ పూత ఉంటుందే, అది. చాలామంది అదంతా మందేమో అనుకుంటారు. ఎంత మందు కొట్టినా కొట్టకపోయినా ద్రాక్ష తనంతట తాను పూసుకునే మైనం అది. లోపలి నీరు ఆవిరైపోకుండా కాపాడుతుంది. చామాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారుతుందే, అలాంటి పూతే.

అది తినే ద్రాక్ష. బజార్లో గుత్తి గుత్తిలా కనిపించాలి కాబట్టి ఇవాళ్టికీ ఎక్కడైనా చేత్తోనే కోస్తారు. వైన్ ద్రాక్ష వేరు. అది చిన్న పండు, తొక్క మందం, గింజలెక్కువ. ఎలాగూ పిండేదేగా, అందంతో పనేముంది? మిషను పుట్టింది ఈ ప్రశ్నలోంచే.

పుట్టడానికి ఇంకో కారణం కూలీలు. అమెరికాలో 1942 నుంచి 1964 దాకా మెక్సికో నుంచి లక్షలమందిని ఒప్పందం మీద పొలం పనులకి తెచ్చుకునేవాళ్ళు. బ్రాసెరో పథకమని దాని పేరు. అది 1964తో ఆగిపోయింది. మరుసటేడు, 1965 సెప్టెంబరు 8న, కాలిఫోర్నియాలో డెలానో అనే చోట ద్రాక్ష కోసే ఫిలిప్పీన్స్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని మానేశారు. ఇంకో వారానికి సీజర్ చావెజ్ వెంట మెక్సికన్ కూలీలు వచ్చి కలిశారు. కూలి పెంచాలి, మమ్మల్ని మనుషులుగా చూడాలి అన్నారు. అయిదేళ్ళు పోరాడి 1970లో గెలిచారు. మీరు పెద్దయ్యాక ఆ చరిత్ర తప్పకుండా చదవాలి. పండు తియ్యగా ఉందని తినేస్తాం, కోసిన నడుము ఎంత నొచ్చిందో మనకి తెలియదు.

సరే, మిషను. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 1950ల్లోనే ఓ ప్రయత్నం చేశారు. వాళ్ళ ఆలోచన మనకి సులువుగా అర్థమవుతుంది: వరి కోసినట్టే కోద్దాం అనుకున్నారు. తీగలు గుత్తుల్ని ఒకే ఎత్తులో వేలాడేసేటట్టు పెంచి, ఆ కాడల వరసన ఓ కత్తి నడిపిస్తే సరి. కానీ వరి కంకులు తలలు కలిపి నిలబడతాయి, ద్రాక్ష మాట వినదు. ఒక గుత్తి కింద, ఒకటి పైన, ఒకటి కొమ్మ వెనకాల దాక్కుని. కత్తి అనుకున్నంత సాగలేదు.

అదే కాలంలో అమెరికాకి రెండో పక్కన, న్యూయార్కు రాష్ట్రంలో, కార్నెల్ విశ్వవిద్యాలయంలో నెల్సన్ షాలిస్ అనే తోటల శాస్త్రవేత్త, షెపర్డ్‌సన్ అనే ఇంజినీరు వేరే దారి పట్టారు. కొయ్యడం ఎందుకు, దులుపుదాం! వాళ్ళ దగ్గరున్నది కాంకర్డ్ ద్రాక్ష. రసానికీ జెల్లీకీ వాడే నల్ల పండు. తొక్క జారిపోయేలా ఉంటుంది, పండితే తొడిమని ఇట్టే వదిలేస్తుంది. తీగ ఊపితే జలజలా రాలింది. 1960ల చివరికి అలాంటి మిషన్లు అంగట్లోకి వచ్చేశాయి. తర్వాత ఫ్రాన్సువాళ్ళు అందిపుచ్చుకున్నారు. బ్రాడ్ అనే కంపెనీ 1970ల నడిమి నుంచి ఈ మిషన్లు చేస్తూ పేరు తెచ్చుకుంది.

దులపడం మనకి కొత్తా? చింతచెట్టెక్కి కొమ్మ ఊపితే కాయలు రాలవూ? రేగుచెట్టు మొదలు పట్టుకుని కుదిపితే నెత్తి మీద వాన కురవదూ? ఎందుకు రాలతాయో ఎప్పుడైనా ఆలోచించారా? కొమ్మని మీరు లాగారు, కాయని ఎవరూ లాగలేదు. కొమ్మ చటుక్కున పక్కకి పోయింది, కాయ మాత్రం ఉన్నచోటే ఉందామనుకుంది. బద్ధకమన్నమాట. పుస్తకాల్లో దాన్ని జడత్వం అంటారు. న్యూటను మొదటి సూత్రమంతా ఆ బద్ధకం గురించే. పొద్దున్నే మీ అమ్మ దుప్పటి దులిపితే దుమ్ము ఊడేదీ అందుకే. దుప్పటి కదిలిపోతుంది, దుమ్ము అక్కడే ఉండిపోతుంది. కొమ్మ పోతానంటుంది, కాయ ఉంటానంటుంది, ఆ రెంటి మధ్య నలిగేది తొడిమ. పండిన కాయకి తొడిమ పట్టు సడలి ఉంటుంది కాబట్టి తెగుతుంది. పచ్చికాయకి పట్టెక్కువ, నిలుస్తుంది. కాయ బరువుగా ఉంటే బద్ధకమూ ఎక్కువే, అందుకని తొందరగా రాలుతుంది. ఎండి కిస్మిస్ అయిపోయిన పండు తేలిక కాబట్టి చాలాసార్లు తీగనే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. చూశారా, గుడ్డి మిషనైనా బరువునీ పట్టునీ బట్టి కొంత ఏరివేత అదే జరిగిపోతోంది.

ఇక మిషను రూపు చెబుతాను, కళ్ళు మూసుకుని ఊహించుకోండి. అవతలి తోటల్లో మన పందిరి ఉండదు. గుంజలకి తీగలు కట్టి, చిక్కుడు పాదుని దడికి ఎక్కించినట్టు, ద్రాక్షని నిలువు గోడలా పెంచుతారు. వరసలు వరసలుగా పచ్చటి గోడలు. మిషను ఆ గోడకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడుతుంది. ఏనుగు మీరు పెంచుకున్న పూల కంచెకి రెండు పక్కలా కాళ్ళు పెట్టి నడుస్తోందనుకోండి, మావటివాడు పైన కూర్చున్నాడనుకోండి, అలా. ఏనుగు పొట్ట కింద రెండు వైపులా వంగిన ఫైబర్ కమ్ములుంటాయి. అవి పచ్చ గోడని పట్టుకుని నిమిషానికి కొన్ని వందలసార్లు అటూ ఇటూ ఊపుతాయి. పేరుకి కోత మిషనే గాని, మన వరికోత మిషనుకి మల్లే పంట కోసే కత్తి దీంట్లో లేదు. వరి మొక్క కోతతో అయిపోతుంది. ద్రాక్ష తీగ పదుల ఏళ్ళు బతకాలి, ఏటా కాయాలి. దెబ్బ తగలకుండా దులపాలి.

రాలిన పళ్ళు నేలపాలు కాకుండా కింద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరిచిన పలకలుంటాయి. ద్రాక్ష మొదలు వచ్చినప్పుడు పక్కకి తప్పుకుంటాయి, దాటిపోగానే మళ్ళీ మూసుకుంటాయి. నాకు ఆ ఏర్పాటంటే భలే ఇష్టం. దాని మీదనుంచి పళ్ళు బెల్టులెక్కి పైకి పోతుంటే, ఫ్యాన్లు ఆకుల్నీ చెత్తనీ ఊదేస్తాయి. మన కళ్ళంలో గాలివాటు చూసి తూర్పారబట్టమూ? అదే పని. అలా మనిషి నడకంత వేగంతో సాగిపోతూ పదులమంది కూలీల పని ఒక్కటే చేసేస్తుంది. ఖరీదు కోట్లలో ఉంటుంది కాబట్టి చిన్న రైతులు సొంతానికి కొనరు, ట్రాక్టరు బాడుగకి తెచ్చుకున్నట్టే తెచ్చుకుంటారు. మిషను వెళ్ళిపోయాక తోటకెళ్ళి చూస్తే తీగల నిండా ఉత్త కాడలు వేలాడుతుంటాయి. మనం తిన్నాక ఈ పళ్ళెంలో మిగులుతాయే, అచ్చం అలాంటి బోడి గుత్తులు.

ఇప్పుడు మూత దగ్గరికి వద్దాం. చేత్తో కోసిన గుత్తిలో తెగింది గుత్తి కాడ, పండు మూత భద్రం. మిషను రాల్చినప్పుడు ప్రతి పండుకీ మూత ఊడింది. కొన్ని చితుకుతాయి కూడా. రసం బయటికొచ్చింది, గాలి లోపలికి పోయింది. ఇక గడియారం తిరగడం మొదలు.

గాలి తగిలితే ఏమవుతుంది? మీ అమ్మ వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేస్తుంది, ఎందుకు? వెయ్యకపోతే నల్లబడతాయి, కనరెక్కుతాయి. వంకాయలో ఓ ఎంజైమూ, వగరు పదార్థాలూ వేరువేరు గదుల్లో కాపురముంటాయి. కత్తి గోడలు కూల్చేస్తే రెండూ కలుస్తాయి, గాలి తోడవుతుంది, నలుపు పుడుతుంది. ద్రాక్షరసంలోనూ అదే తంతు. ఇక రెండోది పులుపు. మన తాటిచెట్ల దగ్గర చూడండి. నీరా కావాలంటే కుండ లోపల సున్నం రాసి, తెల్లవారకముందే దింపుతారు. సున్నం లేకుండా ఎండ పొడిచేదాకా ఉంచితే అది కల్లైపోతుంది. తియ్యటి రసం, వెచ్చదనం, కంటికి కనపడని జీవులు, ఈ మూడూ కలిస్తే ఎవరినీ అడగకుండా పులియడం మొదలెడతాయి.

అందుకని మిషను వాడేవాళ్ళు మన గీత కార్మికుల ఉపాయమే పట్టారు. అర్ధరాత్రి దాటాక లైట్లు వేసుకుని తోటలోకి దిగుతారు. ఆస్ట్రేలియాలో, కాలిఫోర్నియాలో కోతలప్పుడు రాత్రి రోడ్డు మీద పోతుంటే దూరంగా తోటల్లో దీపాలు మెల్లిగా నడిచిపోవడం కనిపిస్తుంది. చల్లగా ఉంటే ఎంజైమూ నెమ్మదిస్తుంది, పులుపూ నెమ్మదిస్తుంది. మన కుండకి సున్నమెలాగో, అక్కడ రసానికి గంధకం వాయువు అలాగ. కొద్దిగా కలుపుతారు, అది గాలి చేసే పాడుని అడ్డుకుంటుంది. రాత్రంతా దులిపి, పొద్దెక్కకముందే పిండే చోటికి చేర్చేస్తారు. మిషనుకి నిద్ర లేదు కాబట్టి ఇది దానికి సులువు. వాన పడేలా ఉంది, రేపటికల్లా తోట ఖాళీ చెయ్యాలి అన్నప్పుడు కూడా మిషనే దిక్కు. కళ్ళంలో ధాన్యం ఉండగా మబ్బు పట్టిన రైతుని చూసినవాళ్ళకి ఆ దిగులు చెప్పక్కర్లేదు.

మరి ఇంత సులువైనది ఉండగా కొందరు చేత్తోనే కొయ్యాలని ఎందుకు పట్టుపడతారు? ఫ్రాన్సులో షాంపేన్ అనే సీమ ఉంది. అక్కడ మిషను దింపడానికి వీల్లేదు, చట్టమే. ఏటా సుమారు 1,20,000 మంది కోతలకి వస్తారు. చాదస్తం అనుకునేరు, కాదు. అక్కడ పండే వాటిలో ఎక్కువ భాగం నల్ల ద్రాక్ష, తయారయ్యేది మాత్రం తెల్లటి వైన్. ఎలా? నల్ల ద్రాక్ష కొరికి చూడండి, గుజ్జు తెల్లగానే ఉంటుంది. రంగంతా తొక్కలో ఉంది. గోరింటాకు సంగతి తలుచుకోండి. ముద్ద పెట్టి వెంటనే కడిగేస్తే చెయ్యి పండదు, రాత్రంతా ఉంచితే ఎర్రగా పండుతుంది. తొక్క రసంలో నానితే రసం పండుతుంది. షాంపేన్‌వాళ్ళకి పండకూడదు. అందుకే పిండే క్షణం దాకా ఏ పండుకీ మూత ఊడకూడదు. గుత్తులు పెట్టే డబ్బాలకి అడుగున చిల్లులుంటాయి, ఎక్కడైనా ఒకటీ అరా చితికినా రసం కిందికి కారిపోవాలి గాని మిగతా పళ్ళని తడపకూడదు.

అక్కడ పిండే లెక్క కూడా చూడముచ్చటగా ఉంటుంది. పాతకాలం నుంచీ ఒక వాయికి 4,000 కిలోల ద్రాక్ష. మొదట వచ్చే 2,050 లీటర్లు మేలి రసం, విడిగా పడతారు. తర్వాత వచ్చే 500 లీటర్లు రెండో రకం. ఆపైన పిండరు. మీ అమ్మమ్మ కొబ్బరిపాలు తీసేటప్పుడు మొదటి పాలు ఒక గిన్నెలో, రెండో పాలు ఒక గిన్నెలో పట్టడం చూశారుగా. ఇంకో గమ్మత్తు. కాడలు ఒలవకుండా గుత్తులకి గుత్తులే పిండుతారు. కాడలు మధ్యమధ్య సందులిస్తాయి, రసం ఆ సందుల్లోంచి హాయిగా జారిపోతుంది. చింతపండు పీచూ పిక్కలతో పిసికితే పులుసు సులువుగా దిగుతుంది, మెత్తటి ముద్దని గుడ్డలో వేసి పిండితే గుడ్డ మూసుకుపోయి చచ్చినా దిగదు. అదీ కాడల మహిమ. మిషను కాడల్ని తోటలోనే వదిలేస్తుంది కాబట్టి ఈ సదుపాయం దానికి లేదు.

మా నాయనమ్మ ఆవకాయ పెట్టే రోజుల్లో ఇదే పంతం పట్టేది. కాయ చిక్కంతో కోయించాలి, తొడిమ ఉండాలి, నేల తాకకూడదు. రాలిన కాయ పైకి బాగానే కనిపిస్తుంది, లోపల దెబ్బ తగిలిన చోటినుంచి జాడీ మొత్తం మెత్తబడుతుందనేది. ఒక ఏడు నేను తెలియక నాలుగు రాలిన కాయలు బుట్టలో కలిపేశాను. ఆవిడ వేళ్ళతో తడిమి నాలుగింటినీ ఏరి పక్కన పెట్టింది. పారెయ్యలేదు, ఆ పూటకి పప్పులో వేసింది. రాలిన కాయ చెడ్డదని కాదు, దానికి తగిన వంట వేరు. మిషనుకీ చేతికీ మధ్య తగువులో నా తీర్పు కూడా నాయనమ్మదే.

చెయ్యి తప్పనిసరైన చోటు ఇంకొకటుంది. బోర్డో ఊరికి దక్షిణాన సోటెర్న్ అని. సిరాన్ అనే చల్లటి వాగు గరోన్ నదిలో కలుస్తుంది, శరదృతువులో తెల్లవారుజామున పొగమంచు కమ్ముతుంది. ఆ తేమకి పండు మీద ఓ బూజు పడుతుంది. మామూలుగా అయితే పంట పోయినట్టే. అక్కడ మాత్రం మధ్యాహ్నం ఎండ కాసి బూజుని అదుపులో పెడుతుంది. బూజు తొక్కకి సన్నటి బెజ్జాలు చేస్తుంది, నీరు ఆవిరైపోతుంది, తీపి చిక్కబడుతుంది. చాపమీద మామిడితాండ్ర ఎండి చిక్కబడ్డట్టు. అయితే గుత్తిలో పళ్ళన్నీ ఒక్కసారే అలా మారవు. కాబట్టి పత్తి తీసినట్టు తీస్తారు. మన పత్తి చేలో మొదటి తీత, రెండో తీత, మూడో తీత అని విచ్చిన కాయ వరకే ఏరుకుంటూ మళ్ళీ మళ్ళీ వెళ్ళమూ? వాళ్ళూ ఐదారుసార్లు తోట చుడతారు, ఒక్కోసారి గుత్తిలో నాలుగు పళ్ళే తీస్తారు. షాటో డికెమ్ అనే పేరున్న తోటలో ఒక్కో తీగకి ఒక్క గ్లాసే వస్తుందని చెబుతారు. మామూలు వైన్‌కైతే సీసాకి కిలో పైచిలుకు ద్రాక్ష చాలు. ఇక జర్మనీలో మోజెల్ నది ఒడ్డున గోడకి నిచ్చెన వేసినంత నిటారు వాలు మీద తోటలున్నాయి, అక్కడ మనిషి నిలబడ్డమే గొప్ప.

ఇదంతా విని చెయ్యే గొప్పది, మిషను నాసిరకం అనుకుంటున్నారు కదూ? అందుకే న్యూజిలాండు సంగతి ఆఖరికి దాచాను. అక్కడ మార్ల్‌బరో సీమలో సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష పండుతుంది. దాని వైన్‌లో జామపండులాంటి ఘుమఘుమ ఉంటుందని లోకమంతా పేరు. ఆక్లండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒకే తోటలోని ద్రాక్షని కొంత చేత్తో కోయించి, కొంత మిషనుతో రాల్పించి విడివిడిగా వైన్ చేయించి చూశారు. జామపండు వాసనకి కారణమైన గంధకపు పదార్థాలు మిషను రాల్చిన దాంట్లోనే ఎక్కువ. కొంచెం ఎక్కువ కాదు, కొన్ని రెట్లు!

ఎందుకలా? వెల్లుల్లి రెబ్బ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకోండి, వాసన అంతంతమాత్రం. రోట్లో వేసి ఒక్క పోటు పొడవండి, వీధి చివరికి తెలుస్తుంది. ఆ వాసన రెబ్బలో ముందే లేదు, నలిగినప్పుడు పుట్టింది. ద్రాక్ష కూడా నలిగినప్పుడు తొక్కలోని కొవ్వు పదార్థం మీద ఎంజైములు పనిచేసి, పచ్చగడ్డి కోసినప్పుడు వస్తుందే, అలాంటి వాసన పదార్థాన్ని పుట్టిస్తాయి. అది పండులోని గంధకమున్న ఇంకో పదార్థంతో జతకడుతుంది. ఆ జతని తర్వాత పులియబెట్టే ఈస్టు విడదీస్తే జామపండు వాసన బయటపడుతుంది. అంటే మిషను చేసిన గాయం, అది పిండే చోటికి చేరేలోపు గడిచిన కాలం, ఇవే అక్కడ వరమయ్యాయి. షాంపేన్‌లో ఏ మూత ఊడకూడదని చట్టం చేశారో, మార్ల్‌బరోలో ఆ మూత ఊడితేనే పరిమళం. నాకు ఈ సంగతి మొదటిసారి తెలిసిన రాత్రి సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు.

మిషనుకి ఇబ్బందులు లేవని కాదు. దానికి కళ్ళు లేవు. చెయ్యైతే కుళ్ళిన గుత్తిని అక్కడే వదిలేస్తుంది, మిషను నత్తనీ తొండనీ కూడా తీసుకొస్తుంది. 2001లో కెనడాలో ఒంటారియో సీమలో అక్షింతల పురుగులు గుత్తుల్లో గుంపులుగా చేరాయి. మన చేలల్లో పేనుబంకని తిని రైతుకి సాయం చేసే ఎర్రటి గుండ్రటి పురుగు బంధువే. భయపడితే అది కాళ్ళ కీళ్ళనుంచి ఓ కంపు ద్రవం వదులుతుంది. పళ్ళతోపాటు పురుగులు కూడా నలిగి ఆ ఏటి వైన్లు చాలా కంపు కొట్టాయి. ఇప్పుడు కెమెరా కళ్ళున్న యంత్రాలొచ్చాయి, బెల్టు మీద పోతున్న ఒక్కో పండునీ చూసి, బాగాలేనిదాన్ని గాలి ఊది తోసేస్తాయి. మన చేట చేసే పనే, కాకపోతే సెకనుకి ఎన్నో పళ్ళు.

మన దేశంలో వైన్ ద్రాక్ష ఎక్కువగా నాసిక్ చుట్టూ పండుతుంది, జనవరి నుంచి మార్చి దాకా కోతలు, కోసేవి చేతులే. ఫ్రాన్సులోనే సగానికి పైగా తోటలు మిషనుకి మారిపోయాయి. చేతికోత అందంగా ఉంటుందని ఫొటోల్లో చూసి మురిసిపోతాం గానీ, రోజంతా నడుం వంచి కొయ్యడం మాటలు కాదర్రా. 2023 సెప్టెంబరులో షాంపేన్‌లో ఎండలు మండిపోయిన కోతల రోజుల్లో కోతకొచ్చినవాళ్ళు కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. కాబట్టి చేత్తోనే కొయ్యవలసిన చోట కోసేవాళ్ళకి నీడా నీళ్ళూ మంచి కూలీ దక్కాలి. దులిపినా చాలే చోట మిషను ఆ బరువు మోస్తే నేను సంతోషిస్తాను.

ఇక తినండి. కానీ బుజ్జి లాగిన పండూ, కత్తిరించిన పండూ మాత్రం ముట్టుకోకండి. తెల్ల పళ్ళెంలో పక్కపక్కన పెట్టి, మీద పల్చటి గుడ్డ కప్పి ఈ గూట్లో ఉంచుదాం. రేపు సాయంత్రం బడి నుంచి రాగానే మీరే గుడ్డ తీసి చూడండి. తొడిమ ఊడిన గుంట చుట్టూ రంగు ఏమైందో, చీమ ముందు దేని దగ్గరికి వచ్చిందో నాకు వచ్చి చెప్పండి.